ఖామఖా, డండా, ఖట్టా: మూసీ అవతలి స్టాండప్

హైదరాబాదులో స్టాండప్ కామెడీ ఎప్పుడు మొదలైందని మాదాపూర్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా అడిగి చూడండి. 2010 తర్వాత అంటారు, యూట్యూబ్ వచ్చాక అంటారు, కాస్త తెలిసినవాడైతే బొంబాయి నుంచీ బెంగళూరు నుంచీ దిగుమతి అయింది అంటాడు. శనివారం సాయంత్రం 499 రూపాయల టికెట్, ఒక ఇటుకల గోడ, ఒక మైకు, ఒక ఎత్తు స్టూలు, స్టూలు మీద నీళ్ళ సీసా. ఇదీ మనకు తెలిసిన స్టాండప్.

ఇదే నగరంలో 1962 నుంచీ నవ్వడం కోసమే ఒక సంఘం ఉంది. దాని పేరు జిందా దిలానె హైదరాబాద్. 'జిందా దిల్' అంటే చావని గుండె ఉన్నవాడు, సరదా మనిషి అని అర్థం. అలాంటి హైదరాబాదీలందరి సంఘం అన్నమాట. వీళ్ళకి 1968 నుంచి ఒక హాస్యపత్రిక కూడా ఉంది, పేరు 'షుగూఫా', అంటే మొగ్గ. సంపాదకుడు ముస్తఫా కమాల్. ఆఫీసు మొజంజాహీ మార్కెట్ దగ్గర బ్యాచిలర్స్ క్వార్టర్స్‌లో (హాస్యపత్రికకి ఇంతకన్నా మంచి అడ్రసు ఎవడూ కల్పించి రాయలేడు). ఆఫీసు మూసీకి ఇవతల ఉన్నా, వీళ్ళ భాషా, వీళ్ళు వెక్కిరించే బతుకులూ చాలావరకు మూసీకి అవతలివి. పాతబస్తీవి.

ఈ సంఘం ప్రధానంగా చేసేది మజాహియా ముషాయిరా. అంటే హాస్య కవి సమ్మేళనం. "ఓహో, కవి సమ్మేళనమా" అని ఇక్కడే చదవడం ఆపేసేవాళ్ళుంటారని తెలుసు. మనకి కవి సమ్మేళనం అంటే ఉగాది రోజు టీవీలో శాలువాలు కప్పుకుని కూర్చునే కార్యక్రమమే గుర్తొస్తుంది కాబట్టి తప్పు మనది కాదు. కానీ ఇది అది కాదు.

ముషాయిరాలో కవి షేర్‌లోని మొదటి పాదం చదువుతాడు. వెంటనే రెండో పాదం చెప్పడు. మొదటి పాదమే మళ్ళీ చదువుతాడు. జనం కూడా దాన్ని అందుకుని తిరిగి అంటారు. ఈలోగా ఏం రాబోతోందో ఊహించుకునే టైమ్ దొరుకుతుంది. అప్పుడు రెండో పాదం పడుతుంది, మీరు ఊహించినది కాకుండా ఇంకోటి. సెటప్, పాజ్, పంచ్. అమెరికా వాళ్ళు పుస్తకాలు రాసి వర్క్‌షాపులు పెట్టి నేర్పే సంగతంతా ఈ రెండు పాదాల మధ్య ఉంది. నచ్చితే 'ముకర్రర్' అంటారు, అంటే మళ్ళీ చెప్పు అని. నచ్చకపోతే హూటింగ్. మైకు దగ్గర ఉండి కవుల్ని ఒక్కొక్కరినే పిలిచే నాజిమ్ కూడా మధ్యమధ్యలో తన చురకలు వేస్తాడు. కుర్రవాళ్ళు ముందు, పేరున్నవాళ్ళు అర్ధరాత్రి దాటాక. ఓపెనర్, హెడ్‌లైనర్ అని మనం అనేది ఇదే. (మన అవధానంలో కూడా అప్రస్తుత ప్రసంగం అని ఒక సీటు ఉంటుంది. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి అడ్డదిడ్డం ప్రశ్నలు వేయడమే ఆయన పని. హెక్లర్‌కి కుర్చీ వేసి, సన్మానం కూడా చేసి పంపే సంస్కృతి ఇంకెక్కడుందో నాకు తెలీదు :))

ఇహ వీళ్ళ పేర్లు చూడండి. గౌస్ 'ఖామఖా', అంటే ఊరికే, పనీపాటా లేకుండా. సర్వర్ 'డండా', దుడ్డుకర్ర. ఎజాజ్ హుస్సేన్ 'ఖట్టా', పులుపు. పాగల్ ఆదిలాబాదీ, ఆదిలాబాద్ పిచ్చోడు. గిల్లీ నల్గొండవీ. ఈ గిల్లీనీ ఆ డండానీ కలిపితే బిళ్ళంగోడు ఆట పూర్తవుతుంది, మా వైపు చిర్రగోనె అంటారు. ఉర్దూ కవులు సాధారణంగా తఖల్లుస్ పెట్టుకునేటప్పుడు బాధ, విరహం, అగ్ని, సముద్రం లాంటి బరువైన మాటలు ఎంచుకుంటారు. వీళ్ళు ఆ సంప్రదాయాన్నే మొదటి జోకుగా వాడుకున్నారు. నోరు తెరవకముందే, నాజిమ్ పేరు పిలవగానే ఒక నవ్వు ఖాయం. గమనించాల్సిందేమంటే, ఆ మొదటి జోకు వాళ్ళ మీద వాళ్ళే వేసుకున్నది.

సరే, ఇంతకీ ఈ హాస్యమంతా ఏ భాషలో? ఉర్దూ అంటే కొంతే నిజం. దక్కనీ. అసలు కథ ఇక్కడుంది.

దక్కనీ అంటే చెడిపోయిన ఉర్దూ అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే వరస తిరగబడి ఉంటుంది. 1591లో హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది దక్కనీలో. ఆయన ఆస్థానంలోనే ఉన్న ముల్లా వజ్హీ 1609లో 'కుతుబ్ ముష్తరీ' అనే కావ్యం, 1635లో 'సబ్ రస్' అనే వచన గ్రంథం రాశాడు. ఢిల్లీ కవులు ఇంకా ఫారసీలోనే కవిత్వం చెబుతున్న రోజులవి. మన భాషలో చెప్పాలంటే ముందు ప్రొడక్షన్‌లో ఉన్నది దక్కనీయే. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాక పోషించే దర్బారు పోయింది. ఆ తర్వాత వచ్చిన అసఫ్ జాహీలు ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ ఆఫీసు భాష ఫారసీ. 1880ల్లో ఫారసీని తీసేసి ఉర్దూ పెట్టినా, అది ఉత్తరాది ఉర్దూయే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు ఇంజినీరింగ్ నుంచి వైద్యం దాకా పాఠ్యపుస్తకాలు తయారైంది ఆ ప్రామాణిక ఉర్దూలోనే. దక్కనీకి మిగిలింది వంటిల్లు, వాకిలి, సందు చివర హోటలు. దర్జా గల కవిత్వానికి పనికిరాదని తీర్మానం అయిపోయిన భాష చివరికి ఒక్క చోట బతికింది. నవ్వులో.

ఇది చదువుతుంటే మీకేమైనా గుర్తొస్తోందా? నాకైతే వస్తోంది. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసలో మాట్లాడితే రాష్ట్రమంతా ఊగిపోయింది. గొప్ప నటన, కాదనను. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మా యాసకి తెలుగు సినిమాలో దొరికినవి రెండే ఉద్యోగాలు, విలన్‌ది లేదా విలన్ పక్కన కమెడియన్‌ది. హీరో మాత్రం వరంగల్లో పుట్టినా కృష్ణా జిల్లా భాషే మాట్లాడేవాడు. ఒక భాషని గౌరవం నుంచి దించేస్తే అది నవ్వులోకి పోతుంది, ఇది రెండు చోట్లా జరిగింది. తేడా ఏమిటంటే మా యాసతో నవ్వించినవాళ్ళు, రాసినవాళ్ళు చాలావరకు మావాళ్ళు కాదు. దక్కనీలో మైకు పట్టుకున్నది దక్కనీ మాట్లాడేవాడే. ఆ ఒక్క తేడా వల్ల జోకు దిశే మారిపోయింది.

అన్నట్టు దక్కనీకీ తెలుగుకీ ఉన్న చుట్టరికం మనలో చాలామంది గమనించరు. "ఆతూఁ బోల్కే బోలా" అంటాడు హైదరాబాదీ. ఢిల్లీవాడికి వింతగా ఉంటుంది, ఈ 'బోల్కే' ఎందుకొచ్చింది మధ్యలో అని. మనకి వింతేమీ లేదు. "వస్తాను అని చెప్పాడు". ఆ 'బోల్కే' మన 'అని'యే, వేషం మార్చుకుని కూర్చుంది. 'నక్కో', 'ఐసాఇచ్'లోని 'ఇచ్' మరాఠీ నుంచి వచ్చాయి. ఇంకోటి, హైదరాబాదీల మీద దేశమంతా వేసే పాత జోకు ఒకటుంది: వీళ్ళకి గడిచిన కాలమంతా 'పర్సోఁ'యే, రెండు రోజుల కిందటిదైనా రెండేళ్ళ కిందటిదైనా. నవ్వే ముందు మన 'మొన్న' సంగతి చూసుకోవాలి. "మొన్న మా పెళ్ళిలో కలిశాం కదా" అంటాం, పెళ్ళయి నాలుగేళ్ళయి ఉంటుంది.

ఇప్పుడు కవుల్లో ఒకాయన దగ్గర కాస్త ఆగాలి. సులేమాన్ ఖతీబ్. ఊరు గుల్బర్గా. 1956 దాకా అది కూడా హైదరాబాదు రాష్ట్రమే కాబట్టి పరాయివాడు కాడు. 1978లో పోయాడు. ఆయన పుస్తకం పేరు 'కేవడే కా బన్', మొగలిపొదల వనం. వాసనా ఉంటుంది, ముళ్ళూ ఉంటాయి, పాములూ ఉంటాయంటారు. పేరులోనే ఆయన పద్ధతి అంతా ఉంది.

ఖతీబ్ కవితల్లో 'సాస్ బహూ' ఉంది, అత్తాకోడళ్ళ మీద. 'పెహలీ తారీఖ్' ఉంది, జీతం వచ్చే ఒకటో తారీఖున మొగుడూ పెళ్ళాల మీద. కానీ అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది 'ఛోరా ఛోరీ'. పెళ్ళి బేరం. పిల్లవాడి తల్లి మాట్లాడుతూ ఉంటుంది. తన కొడుకు ఎంతటివాడో, వాడికి ఏమేం కావాలో, ఎంత తక్కువకి ఒప్పుకుని తను ఎంత ఉదారంగా ఉందో. ఆ గొంతు మనందరికీ తెలుసు. మన ఇళ్ళలో విన్నదే. అందుకే జనం పడీపడీ నవ్వుతారు. తర్వాత పిల్ల తండ్రి గొంతు వస్తుంది. భాష అదే, యాస అదే, ఛందస్సు అదే. కానీ నవ్వు ఎక్కడో మధ్యలో గొంతులో ఆగిపోతుంది. ఇప్పటిదాకా మనం నవ్వింది దేని మీదో అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. నవ్వించి నవ్వించి చివర్లో ఏడిపించడం ఖతీబ్ పద్ధతి. ఈమధ్య నెట్‌ఫ్లిక్స్ స్పెషల్స్‌లో చివరి పది నిమిషాలు సీరియస్‌గా మారిపోవడం పెద్ద ప్రయోగం అని వ్యాసాలు రాస్తున్నారు. గుల్బర్గా మనిషి ఒకాయన ఈ పని ఎప్పుడో చేసి వెళ్ళిపోయాడు.

వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. దాని పరిస్థితి ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మన బ్యాచ్‌లో ఎంతమందికి పెళ్ళిళ్ళయ్యాయి, ప్యాకేజీ బట్టి రేటు, హెచ్1బి ఉంటే ఇంకో రేటు, ఆ లెక్కలన్నీ మనకి తెలిసినవే. తెల్లారి లేస్తే మీమ్స్ పంచుకునే మనం దీని మీద ఎన్ని జోకులు విన్నాం? ఎదుటి కులం మీద, ఎదుటి ప్రాంతం మీద, అమ్మాయిల 'కండిషన్ల' మీద బోలెడు. పెళ్ళిచూపుల్లో సోఫాలో కూర్చున్న మన అమ్మ మీద, ఆవిడ పక్కన ఫోను చూసుకుంటూ కూర్చున్న మన మీద ఎన్ని? ఖతీబ్ కవిత వింటున్న మగవాళ్ళలో కట్నం తీసుకున్నవాళ్ళు ఉండకుండా ఉండరు. వాళ్ళ మొహం మీదే చదివాడు, వాళ్ళ చేతే చప్పట్లు కొట్టించాడు.

ఇందులో నాకు నచ్చని సంగతి కూడా ఉంది, దాచి లాభం లేదు. దక్కనీలోని సొంపంతా ఆడవాళ్ళ మాటల్లోది. సామెతలు, శాపనార్థాలు, దెప్పిపొడుపులు. ఆ మాటలన్నీ వేదిక మీదికి మోసుకొచ్చింది మాత్రం దాదాపు అందరూ మగవాళ్ళే. ఖతీబ్ లాంటి వాడి చేతిలో అది న్యాయంగానే ఉంది. అంత చేవ లేని వాళ్ళ చేతిలో అది 'మా ఆవిడ గయ్యాళి' అన్న ఒక్క జోకు దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయింది. గచ్చిబౌలి ఓపెన్ మైక్‌లో కూడా ఇప్పటికీ అదే జోకు వినిపిస్తుంది, 'వైఫ్' బదులు 'గర్ల్‌ఫ్రెండ్' అని పెట్టి.

పద్యంలోనే కాదు, వచనంలోనూ ఈ ధోరణికి ఒక పెద్దమనిషి ఉన్నాడు. ముజ్తబా హుస్సేన్. 1936లో గుల్బర్గా జిల్లాలో పుట్టి, హైదరాబాదులో 'సియాసత్' దినపత్రికలో చేరాడు. ఆ పత్రికలో 'షీషా ఓ తేషా' అని ఒక వ్యంగ్య శీర్షిక ఉండేది. దాన్ని రాసే షాహిద్ సిద్దీఖీ 1962లో హఠాత్తుగా పోయారు. శీర్షిక ఆగకూడదు కాబట్టి నువ్వు రాయి అని ముజ్తబా మీద పెట్టారు. 1962 ఆగస్టు 12న అలా మొదలుపెట్టాడు. ఒక మనిషి చావు వల్ల నవ్వించే ఉద్యోగం వచ్చిందని ఆయనకి ఎప్పుడూ గుర్తుండేది. బహుశా అందుకే ఆయన హాస్యం వెనక ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది. 2007లో పద్మశ్రీ ఇచ్చారు. 2019 డిసెంబరులో, పౌరసత్వ చట్టం మీద దేశమంతా గొడవ జరుగుతున్నప్పుడు, ఎనభై మూడేళ్ళ వయసులో దాన్ని వెనక్కి ఇచ్చేస్తానని ప్రకటించాడు. 2020 మే 27న, మనమందరం ఇంట్లో కూర్చుని జూమ్ కాల్స్ చేసుకుంటున్నప్పుడు, హైదరాబాదులో కన్నుమూశాడు.

ఈ లోకంలో అందరూ ముస్లింలే అనుకుంటే పొరపాటు. జిందా దిలాన్‌కి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న నరేంద్ర లూథర్ పంజాబీ, ఐఏఎస్ అధికారి. 1985లో హైదరాబాదులో ప్రపంచ హాస్య మహాసభ జరిపించడంలో ముందున్నది ఆయనే (మా యాస కాశయ్య నోట విని జనం ఊగిపోయిన సంవత్సరమే). కవుల్లో తాలిబ్ ఖుంద్‌మీరీ ఆర్కిటెక్టు. అంటే పగలు బిల్డింగు ప్లాన్లు, రాత్రి గజళ్ళు. మనలాంటి ఉద్యోగస్తులే వీళ్ళు కూడా, ఈ సంగతి నాకు భలే ధైర్యాన్నిస్తుంది.

ఇప్పుడు మనందరికీ తెలిసిన చోటికి వద్దాం. 'ది అంగ్రేజ్', 2005.

సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఏడేళ్ళకి, హైటెక్ సిటీనీ చార్మినార్‌నీ ఒకే కథలో పెట్టి తీసిన సినిమా ఇది. దర్శకుడు కుంట నిఖిల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు ఎన్నారైలు చార్మినార్ చూడ్డానికి వెళ్ళి, అక్కడ టీ తాగుతూ కూర్చునే ఇస్మాయిల్ భాయ్ గ్యాంగుతో గొడవ పడతారు. అంతే కథ. మిగతా సినిమా అంతా ఇస్మాయిల్ భాయ్ పగ, ఆ పగ తీరకపోవడం. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, సలీం ఫేకూగా మస్త్ అలీ, జహంగీర్‌గా అజీజ్ నాసర్. మరుసటి ఏడు 'హైదరాబాద్ నవాబ్స్' వచ్చింది, ఆ తర్వాత అద్నాన్ సాజిద్ ఖాన్ 'గుల్లూ దాదా'గా వరస సినిమాలు చేశాడు. సీడీల్లో అమ్ముడైంది, ఆఫీసు మెయిళ్ళలో తిరిగింది. పదేళ్ళ తర్వాత మా ఇంజినీరింగ్ హాస్టల్లో కూడా ప్రతి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉండేది. ఆంధ్రా నుంచి వచ్చిన, హిందీ ముక్క రాని కుర్రాళ్ళు కూడా దాని డైలాగులతోనే హిందీ నేర్చుకున్నారు. తర్వాత గుర్‌గావ్‌లో పోస్టింగ్ వచ్చినప్పుడు వాళ్ళు పడ్డ పాట్లు వేరే కథ.

సినిమా పేరు ఒకసారి చూడండి. ఇస్మాయిల్ భాయ్ కాదు, అంగ్రేజ్. ఇంగ్లీషు మాట్లాడుతూ, ఐడీ కార్డు మెడలో వేసుకుని, నాలుగు వందల ఏళ్ళ నాటి కట్టడం ముందు ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాడు. అంటే మనం. ఆ సినిమాలో ఎగతాళి రెండు వైపులా ఉంది. మనం మాత్రం ఒక వైపే తీసుకున్నాం. పాతబస్తీవాడు అంటే సోమరి, కోతలరాయుడు, పని లేనివాడు అని ఖాయం చేసుకుని, ఇరవై ఏళ్ళుగా ఆ గొంతుని ఆఫీసులో మిమిక్రీ చేస్తున్నాం. కాశయ్య తర్వాత మా యాసకి జరిగిందే ఇదీ. (తర్వాతి సినిమాలు కూడా ఈ పాపంలో వాటా తీసుకున్నాయి. 'అంగ్రేజ్'లో మనుషులుగా ఉన్నవాళ్ళు నాలుగో సినిమాకొచ్చేసరికి గొంతులుగా మిగిలారు.)

ఇక 2022. అంతకుముందు సంవత్సరం జనవరిలో మునావర్ ఫారూఖీ అనే స్టాండప్ కుర్రాణ్ణి ఇండోర్‌లో అరెస్టు చేశారు, తర్వాత ఒకదాని వెంట ఒకటి ఊళ్ళు అతని షోలు రద్దు చేశాయి. 2021 డిసెంబరులో అప్పటి మంత్రి కేటీఆర్, మా నగరంలో అలా జరగదు రమ్మన్నారు. 2022 ఆగస్టు 20న మాదాపూర్ శిల్పకళా వేదికలో షో జరిగింది, విపరీతమైన పోలీసు బందోబస్తు మధ్య. చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో మనలాంటివాళ్ళే ఎక్కువ. నవ్వారు, క్యాబ్ ఎక్కి ఇంటికెళ్ళారు. ఆ షోని అడ్డుకుంటానన్న గోషామహల్ ఎమ్మెల్యే రెండు రోజులకి జవాబుగా ఒక వీడియో పెట్టారు, ప్రవక్త మీద వ్యాఖ్యలతో. పాతబస్తీలో నిరసనలు, అరెస్టులు. ఆయన్ని పార్టీ సస్పెండ్ చేసింది, అరెస్టూ అయ్యారు. చార్మినార్ పరిసరాల్లో దుకాణాలు పెందలాడే మూయించారు. జోకులు పేలింది మాదాపూర్‌లో, షట్టర్లు దిగింది ఇరవై కిలోమీటర్ల అవతల. ఆ వారం గాజులూ అత్తరూ అమ్మేవాళ్ళు పోగొట్టుకున్న బేరం ఏ కమెడియన్ ఖాతాలోనూ పడలేదు, ఏ నాయకుడి ఖాతాలోనూ పడలేదు.

ఆ వారం రోజుల చర్చల్లో హాస్యం అంటే ఏమిటి, హద్దులేమిటి అని టీవీల్లో ఢిల్లీ వాళ్ళూ బొంబాయి వాళ్ళూ చాలా మాట్లాడారు. అరవై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్న సంఘం మొజంజాహీ మార్కెట్ దగ్గర ఉందని ఏ చానెలూ గుర్తుచేయగా నేను వినలేదు.

మా యాస సంగతి కొంచెం మారింది. 2023లో 'బలగం' తీసిన వేణు ఎల్దండి సిరిసిల్ల మనిషి, అంతకుముందు ఏళ్ళ తరబడి కామెడీ వేషాలే వేసినవాడు. చావింట్లో నవ్వు పుట్టించి, చివర్లో ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టి ఏడిపించాడు. ఆయన ఖతీబ్‌ని విన్నాడో లేదో కానీ, నాకు మాత్రం ఆ క్లైమాక్స్ చూస్తుంటే 'ఛోరా ఛోరీ'లో పిల్ల తండ్రే గుర్తొచ్చాడు.

వినాలనుకునే వాళ్ళకి యూట్యూబ్‌లో హిమాయతుల్లా, ఖామఖా చదివిన ముషాయిరాల వీడియోలు దొరుకుతాయి. బొమ్మ బాగుండదు, మైకు గరగరమంటుంది. హిందీ వచ్చినంత మాత్రాన అంతా అర్థం కాదు. అర్థం కాని చోట ఆపి, ఆ వాక్యాన్ని మాటకి మాట తెలుగులోకి మార్చి చూడండి. సగం సార్లు అది తెలుగు వాక్యమే.